అద్దం మీద పదకొండు రోజులు

మా ఆయన కంటిచూపు గురించి ముందు చెప్పాలి. ఆయన గొప్పంతా ఆ కళ్లలోనే ఉందని పదహారేళ్లుగా నలుగురికీ నేనే చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఎవరైనా ఆ మాట ఎత్తితే మేమిద్దరం వేరే వైపు చూస్తాం. ఒక పెద్దమనిషికి 'తప్పయింది' అని చెప్పాల్సి ఉండగా, నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నట్టు నెలకు పైగా కూర్చున్నాం. ఆ నెలలో ఏం పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మాట్లాడటంలో నన్ను మించినవాళ్లు లేరని మా వీధిలో పేరు. ఆ పేరు వల్ల ఏం ఒరిగిందో కూడా ఇందులోనే తెలుస్తుంది.

మా ఊరికీ అవతలి గట్టుకీ మధ్య మైలున్నర ఉప్పునీళ్లు. సముద్రం ఒక సందు చేసుకుని లోపలికి వచ్చి, తిరిగి వెళ్లడం ఇష్టం లేనట్టు అక్కడే సరస్సై నిలిచిపోయింది. వంతెన రాకముందు దాని మీద లాంచీ తిరిగేది. మా మామయ్య, అంటే మా ఆయన తండ్రి, లాంచీ నడిపే సరంగు. మా ఆయన టికెట్లు కొట్టేవాడు. లాంచీ ఇవతలి రేవులో ఉండగానే, అవతల ఎవరో తువ్వాలు ఊపుతున్నారని మా ఆయన అందరికంటే ముందు కనిపెట్టేవాడు. ఊపేది మగమనిషో ఆడమనిషో కూడా చెప్పేవాడు. తువ్వాలు ఊపారంటే జబ్బుమనిషి ఉన్నట్టు. అది చూస్తే సగం నిండని లాంచీని కూడా మామయ్య వెంటనే వదిలేవాడు. రోగికి టికెట్ లేదు. రోగి వెంట వచ్చినవాళ్లకీ లేదు. ఎక్కడా రాసిపెట్టిన రూలు కాదు అది. అడగడమే తప్పు అన్నట్టు ఉండేది, అంతే.

తర్వాత కంపెనీ వచ్చింది. సొంత డబ్బుతో వంతెన కట్టి, ముప్పై ఏళ్లు టోలు వసూలు చేసుకుంటామని రాయించుకుంది. వంతెన తెరిచిన మూడో నెలకి లాంచీలో ఎక్కేవాళ్లు లేక రేవులోనే తుప్పుపట్టింది. లాంచీ మనుషులకి రెండు ఉద్యోగాలు ఇస్తామన్నారు. మామయ్య పోనని మొండికేశాడు. మా ఆయన పోయాడు. ఇంట్లో నలుగురం తినాలి కదా మరి.

కంపెనీ ఇచ్చిన యూనిఫాం ప్యాంటు ఆయనకి ఒక జానెడు పొడుగు. అవతలి గట్టు మీద ఉండే దర్జీ మేస్త్రీ గారి దగ్గరికి తీసుకెళ్లాను. సన్నటి మనిషి, మెడలో ఎప్పుడూ టేపు. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, ఇస్త్రీ నలగకుండా కూర్చుని కుట్టేవారు. లోపలి గదిలోంచి ఆయన భార్య కాజాలు కుట్టి అందించేది. ప్యాంటు అంచు మడిచి కుట్టి, డబ్బులు తీసుకుంటూ మేస్త్రీ గారు అన్నారు:

"మీ ఆయనకి లాంచీ మీద లుంగీయే బాగుండేదమ్మా. ప్యాంటులో ఎవరో ఆఫీసరులా ఉంటాడు."

నాకు ఆ మాట ముద్దొచ్చింది. ఆఫీసరు అన్నారుగా.

క్యాబిన్ అంటే నాలుగు అద్దాలు, ఒక ఫ్యాను, స్పాంజి ఊడిన స్టూలు. చెయ్యి బయటికి పెడితే చేతిలో డబ్బులు పడతాయి. రసీదు ఇస్తే అడ్డుకర్ర లేస్తుంది. లాంచీ మీద ఆయన మామా, అత్తా, అన్నా అని పలకరించనివాడు లేడు. ఇక్కడ ఎనిమిది గంటలు కూర్చుంటే ఆయనకి తెలిసేవి మణికట్లు మాత్రమే. "ఇవాళ ఎనిమిది వందల చేతులు చూశానే, ఒక్క ముఖం గుర్తులేదు" అనేవాడు మొదట్లో. తర్వాత అనడం మానేశాడు.

ఆయన్ని మార్చింది అంబులెన్సు వెనకాల దూరేవాళ్లు. సైరన్ వినపడితే కర్ర లేపెయ్యాలి, అది కంపెనీ రూలు. కర్ర లేచిన ఆ రెండు క్షణాల్లో ఎవడో ఒకడు అంబులెన్సు తోక పట్టుకుని టోలు కట్టకుండా జారుకునేవాడు. అలా జారుకున్న ప్రతి బండి టోలూ క్యాబిన్ మనిషి జీతంలో కోత. ఒక నెల పందొమ్మిది బండ్లు పోయాయి. ఆ నెల మా ఆయన అన్నం ముందు కూర్చుని కూడా బండి నంబర్లు గొణుక్కున్నాడు. మనిషిలో ఏదో చేదు దిగింది. స్కూటరు మీద నవ్వుతూ వెళ్లే వాడెవడైనా తన జేబు కొట్టినవాడేననిపించేది ఆయనకి.

అప్పుడు మేనేజరు ఒక ఉపాయం కనిపెట్టాడు. క్యాబిన్ మూలన, పక్క నుంచి బండ్లు కనపడేలా కెమెరా బిగించారు. దూరినవాడి ఫోటో పెద్దదిగా తీయించి క్యాబిన్ అద్దానికి, వచ్చేపోయేవాళ్లందరికీ కనపడేటట్టు అంటిస్తారు. దూరినవాడు వచ్చి టోలుకి పది రెట్లు కట్టి, తన ఫోటో తన చేత్తోనే తీసుకుపోవాలి. కట్టేదాకా అది అక్కడే ఉంటుంది. కట్టినవాడిదే కాగితం. జనం డబ్బుకంటే పరువుకి ఎక్కువ భయపడతారని మేనేజరు లెక్క. ఆ లెక్క తప్పలేదు.

వంతెన మొదట్లో ఉన్న జిరాక్సు కొట్టు నాదే. ఒక మిషను, ఒక కంప్యూటరు, కాగితాల కట్టల మధ్య నేను. ఫోటోలు ప్రింటు తీసే పని నాకే వచ్చింది. తీసి ఊరుకుంటే నేనెందుకవుతాను? కింద తెల్లగా వదిలిన పట్టీ మీద లావు స్కెచ్‌పెన్నుతో ఒక ముక్క రాసేదాన్ని. బండి వెనక కొత్త పరుపు కట్టుకుని దూరినవాడికి, "పరుపు దొరికింది, చిల్లర దొరకలేదు" అని. నల్లకళ్లద్దాలవాడికి, "ఎండ కనపడింది గాని గేటు కనపడలేదట" అని. జనం బండ్లు ఆపి చదివి నవ్వేవాళ్లు. మేనేజరు నన్ను మెచ్చుకున్నాడు. పక్క కొట్టువాళ్లు "ఈ వారం ఎవరమ్మా?" అని అడిగి మరీ వెళ్లేవాళ్లు. మా ఆయనకి 'డేగ' అని పేరొచ్చింది. అంబులెన్సు వెనక ఎవడు దూరినా ఆ క్షణంలోనే టైము కాగితం మీద వేసుకునేవాడు మరి. డేగ భార్యనని నేనూ కొంచెం మెడ ఎత్తి నడిచాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ మెడ ఎవరైనా విరిచేస్తే బాగుండేదనిపిస్తుంది.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం అవతలి గట్టు నుంచి అంబులెన్సు వచ్చింది. పెద్దాసుపత్రి మా వైపునే ఉంది. వెనకాలే, దాదాపు దానికి రాసుకుంటూ, ఒక పాత స్కూటరు దూరింది. మా ఆయన స్టూలు మీంచి లేచి అరిచాడట. స్కూటరు ఆగలేదు. మర్నాడు పొద్దున పెన్‌డ్రైవు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

తెరిచి చూస్తే దర్జీ మేస్త్రీ గారు. ఇస్త్రీ నలగని ఆ మనిషి చొక్కా గుండీలు ఒకటి కిందికీ ఒకటి పైకీ పెట్టుకుని, ఒక కాలికి చెప్పు, ఇంకో కాలికి ఏమీ లేకుండా ఉన్నారు. నోరు తెరుచుకుని ఉంది. నాకు నవ్వు ఆగలేదు.

"చూడండి చూడండి, మేస్త్రీ గారి వేషం!" అన్నాను.

మా ఆయన తొంగి చూశాడు. నవ్వలేదు. "పెద్దాయన కదే. నా ప్యాంటు కూడా ఆయన దగ్గరే ఉంది. రెండో జత నడుము వదులు చెయ్యమని ఇచ్చి పదిరోజులైంది" అన్నాడు.

"పెద్దాయనైతే కోత మనకి తప్పుతుందా? అంబులెన్సు కనపడితే చాలు, అందరికీ తొందరే అని మీరే కదా రోజూ తిట్టేది."

ఆ ఒక్క క్షణం ఆయన తటపటాయించాడు. తటపటాయింపుని తీసేసింది నేను. పట్టీ మీద ఇలా రాశాను: "రెండు గట్లకీ గుండీలు కుట్టే మేస్త్రీ గారు. సొంత గుండీలూ మరిచారు, టోలూ మరిచారు!" రాసి, కొంచెం దూరం జరిగి చూసుకుని మురిసిపోయాను కూడా.

గుండీలు అలా ఎందుకున్నాయని నేను అడగలేదు. చెప్పు ఎక్కడ పోయిందని ఆయన అడగలేదు. ఎనిమిది వందల చేతులు చూసేవాడూ, రోజుకి వెయ్యి కాగితాలు చూసేదీ కలిసి ఒక ఫోటోని పావుగంట చూశాం. మాకు కనపడింది అంతే.

ఫోటో అద్దం మీదికి ఎక్కింది. మేస్త్రీ గారు డబ్బు కట్టడానికి రాలేదు. అలాగని వంతెన దాటడం మానలేదు. రోజూ పొద్దున ఇవతలికి, సాయంత్రం అవతలికి. టోలు చిల్లర సరిగ్గా ఇచ్చేవారు. ఇచ్చి, తన ఫోటో వైపు చూసేవారు. వెనక బండ్లు హారన్ కొట్టేదాకా చూసేవారు. మా ఆయనకి అది పొగరులా కనపడింది.

"ఎంత మొండి మనిషో చూడు. తన బొమ్మ తనే చూసుకుంటాడు గాని జేబులోంచి తియ్యడు" అని ఇంటికొచ్చి చెప్పాడు. ఆరో రోజున ఉండబట్టలేక అడిగేశాడట కూడా:

"ఏం మేస్త్రీ గారూ, ఫోటో బాగా వచ్చిందా?"

"బాగా వచ్చింది బాబూ" అన్నారట ఆయన. అని స్కూటరు స్టార్టు చేసుకుని వెళ్లిపోయారట.

రాత్రి భోజనాల దగ్గర ఈ ముక్క చెప్పి మా ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వనిది మా అత్తయ్య ఒక్కతే.

"రోజూ పొద్దున వచ్చి సాయంత్రం పోతున్నాడంటే ఎక్కడికి పోతున్నాడురా? మనకి ఇవతల ఉన్నదేంటి, ఆసుపత్రి తప్ప?" అంది.

మా ఆయన నీళ్లు తాగి చెయ్యి కడుక్కున్నాడు. ఆవిడ మాట ఎప్పుడూ అడ్డం తగిలేదే అనుకుని నేను గిన్నెలు తీశాను.

పదకొండో రోజు పొద్దున పదింటికి ఆసుపత్రి వైపు నుంచి ఒక తెల్లవ్యాను వచ్చింది. సైరన్ లేదు. కంపెనీ రూలు ఏమిటంటే, రోగి ఉన్న బండికి టోలు లేదు, శవం ఉన్న బండికి ఉంది. మా ఆయన అలవాటుగా చెయ్యి బయటికి పెట్టాడు. డ్రైవరు జేబు తడుముకుంటున్నాడు. అంతలో పక్క సీట్లోంచి ఒక చెయ్యి డ్రైవరు ఒడి మీదుగా ముందుకొచ్చింది. పిడికిలి విప్పితే అందులో సరిగ్గా లెక్కపెట్టిన చిల్లర, చెమటకి తడిసి ఉంది. బొటనవేలి పక్కన సూది పోట్లు. ఆ చెయ్యి చూసి మా ఆయన ఆ రోజు మొదటిసారి తల ఎత్తి ముఖం చూశాడు.

మేస్త్రీ గారు మా ఆయన్ని చూడటం లేదు. అద్దం మీది ఫోటోని చూస్తున్నారు.

"చెయ్యి ఆగలేదే" అన్నాడు మా ఆయన ఇంటికొచ్చి. షిఫ్టు మధ్యలోనే వచ్చేశాడు, యూనిఫాంతోనే గడప మీద కూలబడ్డాడు. "డబ్బులు తీసుకుంది. రసీదు చింపి ఇచ్చింది. 'వద్దు మేస్త్రీ గారూ' అనాలని నోట్లో ఉంది. అంతలోకి కర్ర కూడా లేపేసింది. అది నా చెయ్యేనా?"

స్కూటరు దూరిన ఆ మధ్యాహ్నం మేస్త్రీ గారి భార్యకి గుండెనొప్పి వచ్చిందట. అంబులెన్సులో ఒక్కరికే చోటుందని కాంపౌండరు ఎక్కాడు. మేస్త్రీ గారు అందిన చొక్కా తొడుక్కుని స్కూటరు మీద వెంట పడ్డారు. పది రోజులు ఆసుపత్రిలో ఉంచి, పదకొండో రోజున పంపేశారు. ఈ సంగతులన్నీ వ్యాను డ్రైవరు తిరిగొచ్చేటప్పుడు చెప్పాడు.

మా అత్తయ్య గోడకి ఆనుకుని కూర్చుని అంతా విన్నది. "మీ నాన్న బతికుంటే నిన్ను మళ్లీ లాంచీ ఎక్కనిచ్చేవాడు కాదురా" అంది. గట్టిగా కూడా అనలేదు. ఆ ముక్క ఆయనకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. నా వైపు ఆవిడ చూడనైనా లేదు. చూసి రెండు తిట్టినా బాగుండేది నాకు.

ఆ సాయంత్రం ఆయన వెళ్లి ఫోటో ఊడబీకి, చుట్టచుట్టి ఇంటికి తెచ్చాడు. డబ్బు కట్టకుండా ఎలా తీశావని మేనేజరు మీద పడితే, నా జీతంలో కోసుకో అన్నాడట. ఇంటికొచ్చాక అది ఎక్కడ పెట్టాలో మాకు తెలియలేదు. చింపెయ్యడానికి ఆయనకి చేతులు రాలేదు. "నువ్వు రాశావు" అన్నాడు ఆయన. "మీరు అంటించారు" అన్నాను నేను. పదహారేళ్ల కాపురంలో మేము పోట్లాడుకోని రోజు లేదు గాని, ఆ పోట్లాట లాంటిది ఎప్పుడూ లేదు. ఇద్దరం మెల్లగా మాట్లాడుకున్నాం. ఇద్దరం నిజమే చెప్పుకున్నాం.

చివరికి నేనే దాన్ని తీసుకుని, నా రాత లోపలికి వచ్చేటట్టు అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, మళ్లీ అడ్డంగా మడిచాను. మడతల మీద గోటితో గట్టిగా నొక్కాను. బీరువాలో దుప్పట్ల అడుక్కి తోసేశాను. కొట్టుకి వెళ్లి కంప్యూటరులో ఉన్న ఫోటోని తీసేశాను. తీసేసినవి ఒక బుట్టలో ఉంటాయి కదా, ఆ బుట్ట కూడా ఖాళీ చేశాను. చేసి, ఏదో శుభ్రం చేసినట్టు చేతులు దులుపుకున్నాను.

వెళ్లి తప్పయిందని చెప్పాలి. అందులో ఇద్దరికీ రెండో మాట లేదు. ఎప్పుడు అన్నదే తేలలేదు. ఇప్పుడే వెళితే పుండు మీద కారం చల్లినట్టుంటుందని ఒక వారం ఆగాం. మేస్త్రీ గారు కొట్టు తాళం వేసి కూతురింటికి వెళ్లారని విని, అమ్మయ్య అనుకున్నాం. అనుకున్నందుకు మళ్లీ సిగ్గుపడ్డాం. ఆయన తిరిగొచ్చారని తెలిశాక మా ఆయనకి జ్వరం వచ్చింది, నాకు కొట్టులో పని పడింది. ఒక ఆదివారం నిజంగానే బయల్దేరి వంతెన మీద సగం దాకా నడిచాం. అక్కడ నిలబడి నీళ్లు చూసి వెనక్కి వచ్చేశాం. టోలు గేటు దగ్గర మా ఆయన తన వరస మార్పించుకున్నాడు. సముద్రం వైపు చివరి వరస. స్కూటర్లు అటు రావు.

అలా నెల దాటి మరో వారం గడిచాక మేస్త్రీ గారే వచ్చారు.

ఆ రోజు మా ఆయనకి సెలవు, నాకు సాయంగా కొట్టులో కాగితాలు సర్దుతున్నాడు. ఎండలో స్కూటరు ఆగిన చప్పుడైంది. తలెత్తి చూసి, రెండు గట్లూ భయపడే డేగ గారు చటుక్కున జిరాక్సు మిషను వెనక కూర్చున్నాడు. నాకూ అక్కడే చోటుంటే నేనూ కూర్చునేదాన్ని.

మేస్త్రీ గారి గుండీలు మెడదాకా సరిగ్గా ఉన్నాయి. చేతిలో ఒక పొట్లం. బల్ల మీద పెట్టారు.

"మీ ఆయన ప్యాంటు అమ్మా. నడుము వదులు చేశాను. ఆలస్యమైంది."

"పరవాలేదు మేస్త్రీ గారూ" అన్నాను.

ఆయన చొక్కా జేబులోంచి డబ్బులు తీసి, లెక్కపెట్టి ప్యాంటు పక్కన పెట్టారు. "టోలుకి పది రెట్లు. సరిపోయాయో లేదో చూడు. క్యాబిన్ దగ్గర అడిగితే ఫోటో లేదన్నారు. ఆఫీసులో అడిగితే నీ కొట్టులో ఉండొచ్చన్నారు. కట్టినవాడిదే కాగితం కదా అమ్మా, మీ రూలు?"

మిషను వెనక నుంచి మా ఆయన లేచాడు. మోకాళ్లకి కాగితం దుమ్ము. చేతులు జోడించబోయి, జోడించలేక, ప్యాంటు పొట్లం పట్టుకున్నాడు.

"మేస్త్రీ గారూ, తప్పయింది. నాకు తెలీదు. తెలిసుంటే..."

"తెలీదులే బాబూ. నేను చెప్పలేదుగా."

"ఒక్క మాట చెప్పుంటే అప్పుడే తీసేసేవాణ్ణి."

"అందుకే చెప్పలేదు" అన్నారు మేస్త్రీ గారు. "తీసేస్తావని. మా తమ్ముడు కూడా కట్టెయ్యి అన్నయ్యా, పరువు పోతోంది అన్నాడు. కడితే కాయితం ఇంటికొస్తుంది. ఆసుపత్రిలో ఆవిణ్ణి గాజుగదిలో పెట్టారు. పొద్దున అయిదు నిమిషాలు, సాయంత్రం అయిదు నిమిషాలు. ముఖానికి గొట్టాలు. ఆ ముఖం చూసొచ్చి ఇంటికి పోయేటప్పుడు దారిలో ఇది ఉండాలి నాకు. దారిలోనే ఉండాలి."

మాకు అర్థం కాలేదు. నిలబడి చూస్తున్నాం.

"అంబులెన్సు పక్క కిటికీ అద్దం తీసి ఉంది కదా. గాలి ఆడటం లేదని తనే తీయించుకుంది. అందులోంచి నేను వస్తున్నానా లేదా అని చూస్తోంది. ఫోటోలో తన ముఖం ఎంత బాగా పడిందో చూశారుగా. అదే ఆఖరు, తను నన్ను చూడటం." ఆయన మా ఆయన వైపు తిరిగారు. "బాగా వచ్చిందా అని అడిగావు కదా బాబూ. బాగా వచ్చిందనే చెప్పాను."

మా ఆయన ముఖం చూడలేక నేను కొట్టు వదిలేసి ఇంటికి పరిగెత్తాను. దుప్పట్ల అడుగునుంచి మడత తీసుకుని అదే పరుగున వచ్చాను. వచ్చి బల్ల మీద విప్పాను.

మా మిషనులో వాడేది సిరా కాదు, పొడి. వేడికి కాగితానికి అతుక్కుంటుంది. మడిస్తే ఆ గీత పొడుగునా రాలిపోయి తెల్లగా పగులుతుంది. ఈ సంగతి వచ్చిన ప్రతి మనిషికీ నేనే చెబుతాను, మడవకండి, చుట్టి పట్టుకెళ్లండి అని. మేస్త్రీ గారు, గుండీలు, కాలు, నా రాత, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. అడ్డంగా వచ్చిన మడత, నిలువుగా వచ్చిన మడత అంబులెన్సు పక్కద్దం మీదే కలిశాయి. అక్కడ తెల్లటి చుక్క ఒకటి, చుట్టూ బీటలు. కింద గడ్డం కొంచెం కనపడుతోంది. అద్దం అంచు పట్టుకున్న నాలుగు వేళ్లు కనపడుతున్నాయి. చూపు ఉండాల్సిన చోట కాగితం ఉంది.

"ఇంకోటి తియ్యమ్మా, డబ్బులిస్తాను" అన్నారు మేస్త్రీ గారు. ఆయన వేలు ఆ తెల్ల చుక్క పక్కనే ఉంది, తాకటం లేదు.

కంప్యూటరులోది చెరిపేశానని ఎలా చెప్పానో నాకు గుర్తులేదు. మా ఆయన మాత్రం ఆ పాటికే వంతెన ఆఫీసుకి పరిగెత్తాడు. పావుగంటకి వచ్చాడు. ఆయన నడక చూసి తెలిసిపోయింది. కెమెరా బొమ్మలు ముప్పై రోజులే ఉంటాయట. ఆ తర్వాత వాటి మీద కొత్తవి పడతాయట. పద్దెనిమిది రోజుల కిందట పోయిందది. వంతెన మీద సగం దాకా నడిచి వెనక్కి వచ్చామే, ఆ ఆదివారం నాటికి ఇంకా ఉంది.

మేస్త్రీ గారు కాగితం మీంచి వేలు వెనక్కి తీసుకున్నారు. తర్వాత బల్ల మీది డబ్బులు తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నారు. "ఇక దీనికి కట్టక్కర్లేదు కదా" అన్నారు. ఎగతాళి కాదు, కోపం కూడా కాదు. నిజంగానే అడిగారు.

"అక్కర్లేదు మేస్త్రీ గారూ" అన్నాడు మా ఆయన.

"కాయితం తీసుకుపోనా?"

నేను కత్తెర తీశాను. కింద నా రాత ఉన్న పట్టీ కత్తిరించేద్దామని. అదొక్కటైనా చెయ్యనిస్తారనుకున్నాను. ఆయన వద్దన్నట్టు కాగితాన్ని తన వైపు లాక్కున్నారు.

"ఉండనీ అమ్మా. కదిపితే ఆ వేళ్లు కూడా రాలిపోతాయి."

మడవలేదు ఆయన. టేపు తీసి కొలతవేసే మనిషి పట్టుకున్నట్టు రెండు చేతులతో నెమ్మదిగా చుట్టి, చంకలో పెట్టుకుని వెళ్లారు. అవతలికి వెళ్లేటప్పుడు టోలు కూడా కట్టారని తర్వాత తెలిసింది.

మా ఆయన మర్నాడు వెళ్లి తన పాత వరసే అడిగి తీసుకున్నాడు. మేస్త్రీ గారు వారానికోసారి దారాలు కొనడానికి ఇవతలికి వస్తారు. చిల్లర సరిగ్గా ఇస్తారు. ఇస్తూ ఒకసారి అద్దం మీద ఫోటో ఉన్న చోట చూస్తారట. అక్కడ టేపు మరకలు నాలుగున్నాయి, అంతే. వాటిని మా ఆయన తుడవనివ్వడు.

నేను పట్టీల మీద రాయడం మానేశాను. మానేస్తే ఏం? అవతలి గట్టు మీద దర్జీ కొట్టులో, మిషనుకి ఎదురుగా గోడ మీద ఆ కాగితం ఉందట. జాకెట్లు కుట్టించుకోవడానికి వెళ్లినవాళ్లు వచ్చి చెబుతారు. కింద ఉన్న నా అక్షరాలు చదివి, ఎవరు రాశారండీ ఇది అని అడుగుతారట. "తెలిసినవాళ్లే" అంటారట ఆయన.